మార్జాల భోజన చరిత్ర

చరిత్ర పుస్తకాలు చదవడం నాకు ముప్ఫై యేళ్ళ వ్యసనం. కైఫియతులు, శాసన సంపుటాలు, యాత్రా గ్రంథాలు ఏవి దొరికినా వదలను. అయితే, నీవొక చరిత్ర రాయవయ్యా అని నన్ను అడిగినవారు మాత్రం ఇంతవరకు ఒక్కరే. ఆయన పశువైద్యులు. "ఈ పిల్లి మీ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఏమేమి తిన్నదో మొత్తం చరిత్ర రాసుకుని రండి. వేలికంటినది నాకినా సరే, వదలొద్దు" అన్నారు. ఈ టపా ఆ చరిత్రకు కొనసాగింపు. కాస్త పొడుగైంది, మిత్రులు ఓపిక పట్టాలి.

పిల్లి పేరు కుంకుడు. 2018 వర్షాకాలంలో మా సికింద్రాబాదు ఇంటి మెట్ల కింద తడిసిన గోనెసంచిలో దొరికింది. ఎండిన కుంకుడుకాయ రంగులో ఉన్నదని మా అమ్మ ఆ పేరు పెట్టింది. మాది శాకాహారుల ఇల్లు, అందులోనూ అమ్మ మడి ఆచారాలు పట్టింపుగా పాటించే మనిషి. అయినా ఆ పిల్లపిల్లిని చూసిన క్షణాన వంటింట్లోకి వెళ్ళి, పాలలో అన్నం మెత్తగా పిసికి, చల్లార్చి, మూకుడులో పెట్టుకుని వచ్చింది. అది నాకిన తొలి కబళం అదే. పిల్లి మాంసాహారి అన్న సంగతి మా ఇంట్లో ఆలస్యంగా ఒప్పుకున్న సత్యం. ఆ తరువాత బజారు పొట్లాలు వచ్చాయి. అవి పెరటి వరండాలో, వంటింటికి దూరంగా, నా పూచీ మీద ఉండేవి.

2022 వేసవిలో కుంకుడు గీరుకోవడం మొదలుపెట్టింది. మొదట చెవుల వెనుక, తరువాత మెడ, ఆ తరువాత కళ్ళ పైభాగం. చర్మం చీరుకుపోయి రసి కారేది. పొట్ట మీద బొచ్చు నాకి నాకి నున్నగా చేసుకుంది. రాత్రిళ్ళు అమ్మ మంచం కింద పడుకుని అది గీరుకుంటుంటే ఆ చప్పుడుకు ఆవిడకు నిద్ర పట్టేది కాదు. ఒక వైద్యులు సూదిమందు వేశారు. మూడు వారాలు హాయిగా ఉండి మళ్ళీ మొదలయ్యేది. మళ్ళీ సూది. నాలుగోసారి వెళ్ళినప్పుడు అక్కడ మరో వైద్యులు ఉన్నారు. ఆ సూదిమందు స్టెరాయిడ్ అనీ, దురదను అణుస్తుందే తప్ప కారణాన్ని తాకదనీ, పదేపదే వేస్తే పిల్లికి మధుమేహం పట్టుకోవచ్చుననీ చెప్పి, ముందు ఫ్లీ అనే గెంతే పురుగు సంగతి తేల్చాలన్నారు. పిల్లి దురదకు ఆహారం కంటె ఆ పురుగు కాటే ఎక్కువగా కారణమట. ఒంటి మీద పురుగు కనిపించకపోవడం సాక్ష్యం కాదు, పిల్లి నాకి మింగేస్తుంది. రెండు నెలలు మెడ వెనుక చుక్కల మందు వేశాము. మార్పు లేదు. అప్పుడు ఆహారం వంతు వచ్చింది.

ఇక్కడొక పిట్టకథ. పిల్లికి సంస్కృతంలో మార్జాలమనీ, మార్జారమనీ పేర్లు. మృజ్ ధాతువుకు తుడుచుట, శుభ్రపరచుట అని అర్థం. సమ్మార్జని అంటే చీపురు, అదీ ఈ ధాతువు బిడ్డే. తనను తాను నిరంతరం తుడుచుకునే జంతువు కాబట్టి మార్జాలమైంది. పేరు పెట్టినవారి చూపు ఎంత నిశితమో! చిక్కు కూడా అక్కడే ఉన్నది. కుక్క నాక్కుంటే జబ్బు అని వెంటనే తోస్తుంది. పిల్లి నాక్కుంటే దాని స్వభావం అనుకుంటాము. నేను మూడు నెలలపాటు అలాగే అనుకున్నాను.

చరిత్ర రాయడానికి కూర్చున్నాను. ఆధారాలు రెండు రకాలు. ఒకటి, నేను దాచిన పొట్లాల అట్టలు. రెండు, అమ్మ మౌఖిక సాక్ష్యం. "ఏం పెట్టావమ్మా దానికి?" అంటే, "ఏం పెడతానురా, పాలన్నం, పెరుగన్నం, అంతే" అన్నది. తరచి అడిగితే మీగడ వచ్చింది, ఆ తరువాత నెయ్యి కాచిన గోకుడు వచ్చింది, సంక్రాంతినాటి పరమాన్నం వచ్చింది. పక్కింటివారు గోడ మీద నుంచి కోడిముక్కలు, గుడ్డు పెట్టేవారని కూడా తేలింది. పొట్లాలలోనైతే మరీ విచిత్రం. పైన చేప బొమ్మ, వెనుక చిన్న అక్షరాలలో చేపతో పాటు కోడి, మొక్కజొన్న, గోధుమ, సోయా. మొత్తం జాబితా మూడు పుటలు అయింది. అది చూసుకుంటే నాకొక సందేహం పుట్టింది. ఎలుకలను పట్టి తినవలసిన జంతువు గిన్నెలోకి ఇవన్నీ ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా వచ్చాయి?

మనిషికీ పిల్లికీ పరిచయం ధాన్యపు గాదెల దగ్గర జరిగింది. పశ్చిమాసియాలో సేద్యం మొదలై, గింజలు నిలవచేసి, గింజల కోసం ఎలుకలు చేరి, ఎలుకల కోసం అడవిపిల్లి వచ్చింది. సైప్రస్ ద్వీపంలో షిల్లూరోకాంబోస్ అనే చోట ఒక మనిషి సమాధి పక్కనే, జానెడు రెండు జానల దూరంలో, ఎనిమిది నెలల పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సుమారు 9,500 యేళ్ళ నాటిది. ఆ ద్వీపంలో సహజంగా పిల్లులు లేవు, కాబట్టి ఎవరో పడవలో తీసుకువెళ్ళారు. అయితే ఆ పిల్లికి మనిషి వండి పెట్టలేదు. జీతమూ భోజనమూ రెండూ ఎలుకలే. మన ఇళ్ళలోని పిల్లుల పూర్వీకురాలు ఉత్తరాఫ్రికా, పశ్చిమాసియాల పొడినేలల్లో తిరిగే అడవిపిల్లి. అది చేపలు పట్టేది కాదు. తల్లిపాలు మానిన తరువాత పాల మొహం ఎరుగదు.

చేపా, పాలూ పిల్లి గిన్నెలో కలిసి కనబడే పాత సాక్ష్యాలలో ఒకటి ఈజిప్టుది. క్రీస్తుపూర్వం 60 ప్రాంతాన అక్కడికి వెళ్ళిన గ్రీకు చరిత్రకారుడు డియోడోరస్, ఆ దేశస్థులు రొట్టెను పాలలో తుంచి వేసి పిల్లులను పిలిచి పెడతారనీ, నైలు నదిలో పట్టిన చేపలను కోసి పచ్చివే పెడతారనీ రాశాడు. పిల్లిని చంపిన ఒక రోమనును జనం కొట్టి చంపడం తాను కళ్ళారా చూశానని కూడా రాశాడు. ఇంట్లో పిల్లి చస్తే ఆ ఇంటివారు కనుబొమలు గొరిగించుకునేవారని అంతకుముందే హెరొడోటస్ చెప్పాడు. నన్ను నిలవేసినది మాత్రం ఆ పాలరొట్టె. రెండువేల యేళ్ళ క్రితం నైలు ఒడ్డున ఏ తల్లో తుంచి వేసిన రొట్టెకూ, మా అమ్మ పిసికి పెట్టిన పాలన్నానికీ తేడా ఏమున్నది? మనకు ప్రియమైనది దానికీ ప్రియమే అనుకోవడం మనిషికి చాలా పాత అలవాటు.

మన సాహిత్యంలో శాకాహారపు పిల్లి ఎప్పుడూ దొంగే. హితోపదేశంలో దీర్ఘకర్ణమనే పిల్లి గుడ్డి గ్రద్ద దగ్గరకు చేరి, తాను మాంసం మానివేసి చాంద్రాయణవ్రతం పట్టానని నమ్మించి, చెట్టు మీది పిట్టపిల్లలను ఆరగించింది. మామల్లపురంలో ఏడవ శతాబ్దపు పల్లవ శిల్పి ఆ పెద్ద బండ మీద చేతులు పైకెత్తి తపస్సు చేసే పిల్లినీ, దాని ముందర ఎలుకలనూ చెక్కాడు. పిల్లి మాంసం మానదని ఆ కథకులకు, ఆ శిల్పికి తెలుసు. తెలిసీ మనం పాలు పోస్తూనే వచ్చాము. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ చదువరులందరికీ తెలిసినదే. రాయలవారు పిల్లిని సాకడానికి ఆవునిస్తే, ఆయన మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టి, పాలగిన్నె చూస్తే పారిపోయేటట్టు చేశాడు. చిన్నప్పుడు ఆ కథ విని పిల్లి మీద జాలిపడ్డాను. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుందని తెలిశాక, రామకృష్ణుడు దానికి ఏ మేలు చేశాడో అనిపిస్తుంది :)

ఇక పిల్లి భోజనం వ్యాపారమైన వైనం. అది లండనులో మొదలు. 1851లో హెన్రీ మేహ్యూ ఆ నగరపు పేదల బ్రతుకుతెరువుల గురించి రాసిన పెద్ద గ్రంథంలో పిల్లిమాంసం అమ్మేవారికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. పిల్లిమాంసమంటే పిల్లి కోసం మాంసం. బండ్లు లాగి లాగి చచ్చిన గుర్రాలను ఉడకబెట్టి, ముక్కలు కోసి, పుల్లలకు గుచ్చి, వీధివీధీ తిరిగి అమ్మేవారు. వారి కేక వినగానే పిల్లులు గుమ్మాల్లోకి పరుగెత్తేవట. నగరం గుర్రాల మీద నడిచినంతకాలం ఆ వృత్తి నడిచింది, మోటారు వచ్చాక సన్నగిల్లింది. 1860 ప్రాంతాన జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ అదే లండనులో కుక్కల కోసం బిస్కట్లు తయారుచేసి అమ్మాడు. అంతవరకు ఆయన పిడుగు తగలకుండా ఇళ్ళకు పెట్టే కడ్డీల వ్యాపారి. పెంపుడు జంతువు భోజనాన్ని కర్మాగారంలో చేసి పొట్లం కట్టి అమ్మవచ్చునని చూపిన తొలివారిలో ఆయన ఒకడు.

గుర్రం కథ అంతటితో ముగియలేదు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత అమెరికాలో అక్కరలేని గుర్రాలు మిగిలాయి. 1922లో ఇల్లినాయ్ రాష్ట్రపు రాక్‌ఫర్డ్‌లో వాటి మాంసాన్ని డబ్బాలకెక్కించి కెన్-ఎల్ రేషన్ అన్న పేరుతో కుక్కలకు అమ్మారు. డబ్బా భోజనం బాగా సాగుతుండగా రెండో ప్రపంచయుద్ధం వచ్చి తగరానికి కొరత తెచ్చింది. డబ్బాలు పోయి అట్టపెట్టెల్లో పొడి మేత వచ్చింది. 1957లో ప్యూరినా సంస్థ, ఉదయపు ఫలహారపు గింజలు చేసే పద్ధతిలోనే పిండిముద్దను వేడిమీద, ఒత్తిడిమీద యంత్రంలోంచి బయటకు నెట్టి, ఉబ్బిన గుళికలుగా చేసి కుక్కల మేత అమ్మింది. పిల్లులకూ త్వరలోనే అదే వచ్చింది. గుళిక పొంగి నిలవాలంటే పిండిపదార్థం కావాలి. మొక్కజొన్నా, గోధుమా పిల్లి గిన్నెలో అంత స్థిరపడడానికి పిల్లి అవసరం కంటె యంత్రం అవసరం, చవకదనం ప్రధాన కారణాలు. గుళికల పైన కొవ్వు చల్లి రుచి తెస్తారు, లేకపోతే పిల్లి ముట్టదు. ఇక చేప సంగతి. రేవులలో మనుషుల కోసం చేపలను డబ్బాలకెక్కించే కర్మాగారాలలో మిగిలినదంతా ఏదో ఒకటి చేయాలి కదా! ఆ మిగులు పిల్లి డబ్బాలోకి వెళ్ళింది. 1950లలో అలాంటి చేపభోజనం మీదే పెరిగిన పిల్లులకు విటమిన్ ఇ చాలక ఒంట్లోని కొవ్వు పసుపు రంగుకు తిరిగి, ముట్టుకుంటే బాధతో అరిచే వ్యాధి వచ్చింది.

అన్నిటికంటె నన్ను కలచినది టారిన్ కథ. 1827లో ఎద్దు పిత్తరసంలో కనుగొన్నారు కాబట్టి వృషభం పేరు పెట్టారు దానికి. మనుషులు, కుక్కలు ఒంట్లోనే తగినంత తయారుచేసుకుంటారు. పిల్లి చేసుకోలేదు, మాంసం నుంచి పొందవలసిందే. ఈ సంగతి శాస్త్రజ్ఞులకు నేర్పినవి పిల్లులే, కళ్ళు పోగొట్టుకుని. 1975లో కె. సి. హేయస్ బృందం ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. పాలలోని మాంసకృత్తు అయిన కేసీన్ ఒక్కటే ఆధారంగా మేపిన పిల్లుల కంటిపొర క్షీణించి చూపు పోయింది. కేసీన్‌లో టారిన్ లేదు. అటుపైన పన్నెండేళ్ళకు, 1987లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పాల్ పియాన్, ఆయన సహచరులు మరొకటి కనుగొన్నారు. గుండె ఉబ్బి నీరసించి చచ్చిపోతున్న పిల్లుల నెత్తురులో టారిన్ తక్కువగా ఉన్నది. అవి తిన్నది ఇంటి తిండి కాదు, అప్పటి ప్రమాణాల ప్రకారం సంపూర్ణమైనదని ముద్రవేసి అమ్మిన మేత. టారిన్ ఇస్తే వాటి గుండెలు కోలుకున్నాయి. ఆ తరువాతనే కంపెనీలు మేతలో టారిన్ పెంచాయి, ఆ జబ్బు అరుదైపోయింది. అంతకుముందు ఎన్ని ఇళ్ళలో ఎన్ని పిల్లులు అలా పోయాయో ఎవరు లెక్కపెట్టారు? ఇది చదివిన రాత్రి లేచి వెళ్ళి, పాలన్నం తిని నిద్రపోతున్న కుంకుడు పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూశాను. గుండె బాగానే కొట్టుకుంటున్నది.

ఇక అలెర్జీ. ఈ మాటకు వయసు నూటయిరవై యేళ్ళు. 1902లో పారిస్‌లో షార్ల్ రిషే, పోల్ పోర్టియే కుక్కలకు సముద్రజీవుల విషం కొద్దిగా ఇచ్చి, కొన్ని వారాల తరువాత మళ్ళీ కొద్దిగా ఇస్తే, రక్షణ కలగడానికి బదులు ప్రాణాలే పోవడం చూశారు. 1906లో వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే, శరీరం ఇలా తీరు మార్చుకుని స్పందించడానికి గ్రీకు పదాలు కలిపి అలెర్జీ అని పేరు పెట్టాడు. తిండికీ చర్మానికీ ఉన్న లంకె మీద 1921లో ఒక ప్రయోగం వెలువడింది. ఆ ప్రయోగం చేసినవారే ప్రయోగ జంతువులు! హైంజ్ కూస్ట్నర్‌కు ఉడికిన చేప పడదు. ఆయన నెత్తురులోని ద్రవాన్ని కార్ల్ ప్రౌస్‌నిట్స్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకుని, మరునాడు అక్కడే చేపసారం ఎక్కించుకున్నాడు. చేప నిక్షేపంగా తినగలిగిన ఆయన చర్మం అంతమేరా దద్దురు కట్టింది. నెత్తురులో ఏదో ఉన్నదని తేలింది. ఆ ఏదో ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇ అని నిర్ధారించడానికి 1960ల దాకా ఆగవలసి వచ్చింది.

కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో ఆల్బర్ట్ రో అనే వైద్యుడు 1920లలోనే ఇంకొక దారి పట్టాడు. నెత్తురుతో పనిలేదు. అనుమానమున్న తిండ్లన్నీ తీసివేసి, రోగి ఎన్నడూ బాధపడని రెండు మూడు పదార్థాల మీద కొన్ని వారాలు ఉంచి, తగ్గాక ఒక్కొక్కటే తిరిగి ఇచ్చి చూడడం. మా వైద్యులు కుంకుడుకు చేయబోయినది అచ్చంగా ఇదే. నెత్తురు పరీక్ష చేయిద్దామా అని అడిగితే ఆయన నవ్వి, ఆహార అలెర్జీ విషయంలో పిల్లులకు ఆ పరీక్షలు నమ్మదగినవి కావన్నారు. నూరేళ్ళు గడిచినా గిన్నె కంటె మంచి ప్రయోగశాల దొరకలేదన్నమాట.

పిల్లుల మీద ఈ పద్ధతితో చేసిన అధ్యయనాలు ఆలస్యంగా వచ్చాయి. 1989లో స్టీఫెన్ వైట్ 14 పిల్లుల వివరాలు ప్రకటించాడు. 2015లో ఒలివ్రీ, ముల్లర్, ప్రెలో పాత నివేదికలన్నీ కలిపి చూసి, పథ్యం ఎనిమిది వారాలు చేస్తే నూటికి తొంభై పైగా కేసులు తేలతాయన్నారు. 2016లో అదే ముగ్గురు 78 పిల్లుల లెక్క తీస్తే గొడ్డు మాంసం 18 శాతం, చేప 17 శాతం, కోడి 5 శాతం, గోధుమ, మొక్కజొన్న, పాల పదార్థాలు తలా 4 శాతం, గొర్రె 3 శాతం వచ్చాయి. ఈ అంకెలు చూసి గొడ్డు మాంసం చెడ్డదని తీర్మానించుకోకూడదు. ఏది ఎక్కువగా పెడతారో దానికే ఎక్కువ పిల్లులు తిరగబడతాయి. అమెరికాలో ఒకప్పుడు గొర్రెమాంసపు మేతకు అలెర్జీ రానిదని పేరు. కారణం, అక్కడి పెంపుడు జంతువులు గొర్రె రుచి ఎరగకపోవడం. ఆ పేరు విని అందరూ గొర్రెనే పెట్టారు, ఇక దానికీ అలెర్జీలు వచ్చాయి. ధాన్యం లేని మేత అని ఈమధ్య గొప్పగా అమ్మేదానికీ పిల్లి దురదకూ సంబంధం, పై అంకెలను బట్టి, బహు స్వల్పం.

వైద్యులు రెండు దారులు చెప్పారు. మొదటిది, మాంసకృత్తులను శరీరం గుర్తుపట్టలేనంత చిన్న తునకలుగా విరగగొట్టి చేసిన మందుమేత. పసిపిల్లలకు ఈ ఉపాయం 1942లోనే న్యూట్రామిజెన్ పాలపొడితో వచ్చింది. పిల్లులకు చేరేసరికి శతాబ్దం చివరి కొచ్చింది. రెండవది, అది పుట్టి బుద్ధెరిగి తినని మాంసం. బజారులో ఆ మాంసం పేరిట దొరికే మామూలు పొట్లం వద్దన్నారు. అట్ట మీద లేని మాంసాలు లోపల ఉండడం పరీక్షలలో పలుమార్లు బయటపడింది, 2018లో దాని మీద సమీక్ష కూడా వచ్చింది.

మందుమేత కొన్నాము. ధర చెప్పను, అమ్మకు కూడా చెప్పలేదు. కుంకుడు వాసన చూసి, మలం కప్పెట్టినట్టు ముందు కాళ్ళతో నేల గీకి వెళ్ళిపోయింది. ఆకలైతే తానే తింటుందిలే అనుకున్నాను. రెండో రోజు సాయంత్రం ఫోను చేస్తే వైద్యులు కోప్పడ్డారు. మనిషికి ఉపవాసం పుణ్యమేమో గాని, పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంటి కొవ్వంతా కాలేయంలో చేరి ప్రాణం మీదికి వస్తుంది. బొద్దుగా ఉన్నదానికి మరీ ప్రమాదం. "పాతది పెట్టండి, ముందు తిననివ్వండి. రెండో దారి చూద్దాం" అన్నారు.

రెండో దారిలో ఏ మాంసం? కోడి తిన్నది, కాబట్టి బాతు, కౌజు దగ్గరి చుట్టాలు, వద్దు. పాలు తాగింది, కాబట్టి మేక, గొర్రె మీద కూడా సందేహమే. కుందేలు ఎనిమిది వారాలు ఎడతెగక దొరుకుతుందన్న భరోసా లేదు. మిగిలినది పంది. ఆ మాట అమ్మతో ఎలా చెప్పను? రెండు రోజులు నీళ్ళు నమిలి మూడో రోజు చెప్పాను. ఆవిడ జపమాల పక్కన పెట్టి కొంతసేపు పిల్లి మెడ మీది పుండు వంక చూసింది. "పెరట్లో వండుకో. గిన్నె వేరే పెట్టు. నాకు చూపించకు" అన్నది. అంతే.

యాభై యేళ్ళు దాటిన వయసులో మొదటిసారి మాంసం కొట్టుకు వెళ్ళాను. ఎలా అడగాలో తెలియక పక్కవాడు అడిగినట్టే అడిగాను. పెరట్లో చిన్న స్టవ్ మీద, ఉప్పు లేకుండా, ఉల్లి వెల్లుల్లి తగలకుండా (ఆ రెండూ పిల్లి నెత్తురును పాడుచేస్తాయి), పచ్చి మిగలకుండా ఉడికించేవాణ్ణి. పైన టారిన్, కాల్షియం కలపాలి, లేకపోతే అన్నీ లోపాలే. ఈ వంట పరీక్ష కోసమే గాని జన్మంతా పెట్టడానికి పనికిరాదని వైద్యులు మరీ మరీ చెప్పారు. ఏ వారం ఎంత గీరుకున్నదో పదికి మార్కులు వేసి రాసుకున్నాను. మూడో వారానికి ఎనిమిది నుంచి ఐదుకు దిగింది. నాలుగో వారానికి మూడు. పుండ్లు చెక్కు కట్టాయి. ఐదో వారంలో మళ్ళీ ఏడు.

పక్కింటివారిని అనుమానించాను, వెళ్ళి అడిగి మొహం చిన్నబుచ్చుకుని వచ్చాను. బల్లులను అనుమానించాను. ఒకనాడు తెల్లవారుజామున మంచినీళ్ళకని వంటింట్లోకి వెళితే, అమ్మ గడప దగ్గర చతికిలబడి కుంకుడుకు వేలితో మీగడ నాకిస్తున్నది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వేలికంటినంతేరా. ఆ నీచు కూడు రోజూ ఎలా తింటుందిరా అది? నోరు కట్టేసినట్టు లేదూ?"

నేను అరిచాను. ఐదు వారాలు బూడిదలో పోశావన్నాను. ఇంకా ఏవో అన్నాను, అవి ఇక్కడ రాయను. ఆవిడ బదులు చెప్పకుండా చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంట్లో మాంసం ఉడకడానికి ఒప్పుకున్న మనిషి అన్న సంగతి నాకు మూడో రోజుకు గాని తట్టలేదు. వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుంటే, "లెక్క మళ్ళీ ఒకటి నుంచా?" అని అడిగింది. అవునన్నాను. "సరే, ఈసారి క్యాలెండరు మీద నేను గీతలు పెడతాను" అన్నది.

ఎనిమిది వారాలూ ఆవిడే గీతలు పెట్టింది. ఆ చివరికి కుంకుడు మార్కు ఒకటి. పొట్ట మీద బొచ్చు ముళ్ళు ముళ్ళుగా మొలిచింది. ఇక ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడాలి, ఒక్కొక్కదానికి రెండు వారాల గడువు. నేను పందెం కాసినది చేప మీద. పుస్తకాలు అంత చదివాక వేరే ఎలా అనుకుంటాను? ఉడికించిన చేప పధ్నాలుగు రోజులు పెట్టాము, ఏమీ కాలేదు. కోడి పెట్టాము, కాలేదు. పొట్లంలోని ధాన్యాలూ పోయి నిలిచాయి. నేను నాలుగేళ్ళు దోషిగా చూసిన బజారు మేత నిర్దోషి. మిగిలినది పాలు. ఆ పరీక్ష చేయనక్కరలేదేమో, ఊరుకుందామా అని వైద్యులను అడిగాను. తెలుసుకోవడమే మంచిదన్నారు ఆయన. పాలు ఎవరు పొయ్యాలన్నది ఇంట్లో మాటగా రాలేదు గాని, అమ్మ తానే మూకుడు తెచ్చింది. రోజుకు ఒక చెంచా. మూడో రోజు రాత్రి మంచం కింద గోళ్ళ చప్పుడు మొదలైంది. నేను వెళ్ళేసరికి అమ్మ లైటు వేసుకుని కూర్చుని ఉన్నది.

పాల చక్కెర అరగకపోవడం వేరు, పాల మాంసకృత్తుకు అలెర్జీ వేరు. మొదటిది కడుపుకు వస్తుంది, రెండవది కుంకుడు విషయంలో మెడకు వచ్చింది. నెయ్యిలో, మీగడలో కూడా ఆ మాంసకృత్తు అంతో ఇంతో ఉంటుంది. ఇదంతా అమ్మకు విడమరచి చెప్పబోతే, "తెలిసిందిలే" అన్నది. "దొరికిన రోజు నుంచీ నేనే పెట్టాను కదూ" అని మాత్రం ఒకసారి అన్నది. నీకు ముందు ఈజిప్టువాళ్ళు పెట్టారమ్మా అన్నాను. నవ్వలేదు.

ఇప్పుడు కుంకుడు తినేది చేప, కోడి కలిసిన మామూలు మేత, పాల పదార్థాలు లేవని అట్ట చదివి ఎంచినది. పెరటి స్టవ్ మూలకు చేరింది. ఉదయం పాలు కాచే వేళకు మాత్రం అది ఇంకా వంటింటి గడప మీదికి వచ్చి కూర్చుంటుంది. అమ్మ గిన్నె మీద మూత పెట్టి దాని వంక చూడకుండా, "నీ పాలిటికి ఎప్పుడూ కాగే ఉంటాయి తల్లీ, పో" అంటుంది.